కర్మాగారం పరిగెత్తిన నేరం

ఉప్పలవారిపాలెంలో ఆవిరికి తరతరాలుగా ఒక్కటే ఉద్యోగం, వడ్లు ఉడకెయ్యడం. రైసుమిల్లు బాయిలర్లో పుట్టి, గొట్టాల వెంట పోయి, తొట్లో వడ్లని మెత్తబరిచి, కప్పు రేకుల సందుల్లోంచి బయటపడి పోయేది. దాని బతుకింతేలే అని ఊరంతా ఊరుకుంది. ఊరుకోనివాడు మద్దుల ఆదిశేషు ఒక్కడే.

ఆదిశేషు ఆ మిల్లులో బాయిలరు ఆపరేటరు. పొద్దున్నే వచ్చి పొయ్యి రాజేసి, ముల్లు ఎర్రగీత దగ్గరికి వచ్చేదాకా ప్రెషరు గేజిని చూస్తూ కూర్చోవడం అతని పని. అలా చూడగా చూడగా అతనికో దిగులు పట్టుకుంది. రైళ్ళని లాగిన ఆవిరి, ఓడల్ని నడిపిన ఆవిరి, తన చేతిలో పడ్డాక ఒక్క అడుగు ముందుకి పోలేదు. తనూ అంతే. ఇద్దరూ కలిసి ఈ రేకుల షెడ్డులోనే ముసలివాళ్ళయిపోతున్నారని అతనికి అనిపించింది.

మిల్లు యజమాని పాత చిన్న బాయిలర్ని తీయించేసినప్పుడు ఆదిశేషు దాన్ని ఇనప సామాను లెక్కన కొనుక్కుని ఇంటికి తెచ్చుకున్నాడు. జీపు ఇరుసులు బిగించాడు. ఊక దిమ్మెలు వెయ్యడానికి పొయ్యి కట్టాడు. కొన్నేళ్ళు తంటాలు పడ్డాక అది కారు అయింది. కారంటే కారే, కాకపోతే చూడ్డానికి పడుకోబెట్టిన ఇడ్లీపాత్రలా ఉండేది. మిల్లు హమాలీలు దాన్ని ఆ పేరుతోనే పిలిచేవాళ్ళు.

"ఏం శేషన్నా, మీ ఇడ్లీపాత్ర ఎందాకా వచ్చింది? చట్నీ నూరమంటావా?" అని రోజూ అడిగేవాళ్ళు.

ఆదిశేషు నవ్వేసేవాడు గానీ లోపల రగిలేవాడు. అతని భార్య సామ్రాజ్యం నవ్వేది కాదు. "నీళ్ళు కాచుకోడం కూడా చేతగాని ఎదవలు, నీకు చెప్పొచ్చారు" అని వాళ్ళ మొహానే అనేసేది. కారు పొయ్యిలో ఊక దిమ్మెలు వెయ్యడం ఆమె వంతు. ఏ మంటకి ఎంత వెయ్యాలో, ఎప్పుడు ఆపాలో ఆమె చేతికి తెలుసు.

ఊరికి తూర్పున ఉప్పు బీడు ఉంది. సముద్రం ఎప్పుడో వెనక్కి పోగా మిగిలిన నేల. గడ్డిపోచ మొలవదు, ఎండాకాలం వస్తే సిమెంటు చప్టాలా గట్టిపడుతుంది. ఆదిశేషు కోరికల్లా ఒక్కటే. ఆ బీడు మీద తన కారు, ఈ దేశంలో ఏ ఆవిరి కారూ పోనంత వేగంగా, ఒక్కసారి పోవాలి. పోయిందని ఎవరైనా పెద్దమనిషి నలుగురి ముందూ నోరు తెరిచి చెప్పాలి. ఆ తరవాత ఇడ్లీలు వండమన్నా వండుతాడు.

అదృష్టం బాగుండి ప్రభుత్వం ఆ ఏడాదిని 'వేగ సంవత్సరం'గా ప్రకటించింది. ఆఫీసులన్నిటికీ బ్యానర్లు కట్టాలన్నారు. బ్యానర్ల టెండర్లు ఖాయమయ్యేసరికి సంవత్సరంలో రెండు నెలలే మిగిలాయి. అంచేత వేగ సంవత్సరాన్ని ఇంకో ఏడాది పొడిగించారు.

ఆదిశేషు సామ్రాజ్యాన్ని ఎక్కించుకుని, ముందు ఆ కారులోనే బళ్ళు రిజిస్టరు చేసే ఆఫీసుకి వెళ్ళాడు. గుమాస్తా కంప్యూటరు ముందు కూర్చుని అడిగాడు.

"పెట్రోలా, డీజిలా, గ్యాసా, బ్యాటరీనా?"

"ఆవిరండి."

గుమాస్తా తెరని కిందికీ పైకీ వెతికాడు. "ఆవిరి లేదండి ఇందులో."

"బయట ఉందండి. కిటికీలోంచి చూడండి, పొగ కూడా వస్తోంది."

"బయట ఉంటే సరిపోదండి. ఇందులో ఉండాలి" అన్నాడు గుమాస్తా. మనిషి మంచివాడు కనక, అసలు బాయిలరుంటే ఈ ఆఫీసుకి సంబంధం లేదనీ, ఆవిరి కర్మాగారాల శాఖకి వెళ్ళమనీ దారి చెప్పాడు.

ఆ శాఖకి జిల్లాలో పెద్ద పరిమి చక్రధరప్రసాదు గారు, ఉప ప్రధాన తనిఖీ అధికారి. లంచం ముట్టని మనిషి. ఎవరికీ పని కాదని చెప్పి ఎరగరు. "తప్పక అగును. అయితే ముందుగా..." అనేవారు. ఆ ముందుగాలోనే చాలామంది రిటైరయిపోయారు. ఆయన మాట్లాడితే ఫైలు చదువుతున్నట్టుండేది. ఇంట్లో కూడా అలాగే మాట్లాడతారని, కూర బాగుంటే "వంట సంతృప్తికరము" అంటారని ఆఫీసులో చెప్పుకునేవాళ్ళు.

ప్రసాదు గారు మెట్లు దిగి వచ్చి కారు చుట్టూ తిరిగి చూశారు.

"ఇందు బాయిలరు కలదా?"

"ఉందండి."

"మనుష్యులు పని చేయుచున్నారా?"

"నేనూ, మా ఆవిడా."

"బాయిలరు కలదు. కార్మికులు కలరు. శక్తి ఉత్పత్తి అగుచున్నది. కావున నిబంధనల ననుసరించి ఇది కర్మాగారము."

"కారండీ" అన్నాడు ఆదిశేషు.

"కర్మాగారము" అన్నారు ప్రసాదు గారు, ఓపిగ్గా.

"చక్రాలున్నాయి కదండీ దీనికి."

ప్రసాదు గారు వాళ్ళని లోపలికి తీసుకెళ్ళి తన కుర్చీలో కూర్చుని, కాలితో నేలని తన్ని, గోడదాకా జర్రున జారి, మళ్ళీ బల్ల దగ్గరికి వచ్చారు. "దీనికిని చక్రములు కలవు. ఇది కారా?"

ఆదిశేషు వంగి కుర్చీ చక్రాలు లెక్కపెట్టుకున్నాడు. నిజం చెప్పాలంటే ఆ తర్కానికి ఎవరి దగ్గరా జవాబు ఉండదు. ఆ పూటనించి కారు కర్మాగారమయింది.

"మీ ప్రయత్నము మిక్కిలి అభినందనీయము" అన్నారు ప్రసాదు గారు. "వేగ సంవత్సరమున మా శాఖ తరఫున ఒక వేగపు రికార్డు నెలకొల్పబడుట మాకు గర్వకారణము. అనుమతి తప్పక ఇచ్చెదము. అయితే ముందుగా, స్త్రీ కార్మికురాలు కలదు గనుక ఆమెకు ప్రత్యేక మరుగుదొడ్డి ఉండవలెను."

"కారు ఆగినప్పుడు తుమ్మచెట్ల చాటుకి పోతాన్లెండి సారూ" అంది సామ్రాజ్యం.

"అమ్మా, తుమ్మచెట్టు నిబంధనలలో లేదు."

తుమ్మచెట్టు లేదు గానీ తక్కినవన్నీ ఉన్నాయి. ఆదిశేషు ఇంటికొచ్చి వాటిని ఒక్కొక్కటే కారుకి తగిలించాడు. ఇసక పోసిన ఎర్ర బకెట్లు నాలుగు పక్కలా వేలాడాయి. మూతమీద గ్లాసు బోర్లించిన మంచినీళ్ళ కడవ ఎక్కింది. ప్రథమ చికిత్స పెట్టె ఎక్కింది. పొద్దున్న ఎనిమిదింటికి మోగడానికి సైరను ఎక్కింది. వెనకాల ఒక రేకు గది లేచింది. దాని తలుపు మీద 'స్త్రీలు' అని రాయించి, ఆడమనిషి బొమ్మ కూడా వేయించాడు. అన్నీ అయ్యాక చూస్తే ఇడ్లీపాత్ర కాస్తా పెళ్ళివారి సామాను బండిలా తయారైంది. అయినా ఆవిరి ఆవిరే కదా, లాగుతుందిలే అని అతను ధైర్యం చెప్పుకున్నాడు.

లాగింది కూడా. మొదటిసారి బీడు మీద నెమ్మదిగా నడిపి చూస్తే, నిమిషాల మీద అవతల ఉన్న చినగొల్లపాడు పొలిమేర దాటింది. దాటిన మరుక్షణం చినగొల్లపాడు పంచాయతీ కార్యదర్శి సైకిలేసుకుని వచ్చాడు.

"మా ఊళ్ళో కొత్తగా ఫ్యాక్టరీ పెట్టారంట?" అన్నాడు పరమానందంగా. "పెట్టండి పెట్టండి. పన్ను కట్టేసి పెట్టండి."

"పెట్టలేదండి. ఇప్పుడే వెళ్ళిపోతోంది" అన్నాడు ఆదిశేషు, బండి వెనక్కి తిప్పుతూ.

"అయ్యో, పెట్టినరోజే ఎత్తేస్తున్నారా? అయితే మూసివేత రుసుము కూడా కట్టాలి మరి."

ఈ సంగతి ప్రసాదు గారి దాకా వెళ్ళింది. ఆయన నిజంగానే బాధపడ్డారు. ఉప్పలవారిపాలెం మూడో వార్డులో ఉండాల్సిన కర్మాగారం, శాఖకి చెప్పాపెట్టకుండా చినగొల్లపాడులో దర్శనమిచ్చింది. ముప్ఫయ్యేళ్ళ సర్వీసులో ఆయన కర్మాగారాలు మూతపడ్డం చూశారు, తగలబడ్డం చూశారు, వరదలో మునగడం చూశారు. ఊళ్ళు తిరగడం ఇదే మొదలు.

"కర్మాగారము స్థలము మారినచో చిరునామా మార్పునకు దరఖాస్తు చేయవలెను" అన్నారు.

"అది ఆగకుండా మారుతూనే ఉంటుందండి. పరుగు కదండీ."

"అట్లయినచో ఆగకుండ దరఖాస్తు చేయవలెను."

ఇదెలా కుదురుతుందో తేల్చడానికి కమిటీ వేశారు. కమిటీ నాలుగుసార్లు సమావేశమైంది. కారు మీద ఒక గుమాస్తాని కూర్చోబెట్టి, గజానికొక దరఖాస్తు చొప్పున రాయించి గాల్లోకి వదిలేస్తే వెనక ఇంకో గుమాస్తా ఏరుకుని ముద్ర వేసుకుంటూ వస్తాడని ఒకాయన సలహా ఇచ్చారు. వెనక గుమాస్తాకి బస్సు ఛార్జీ ఏ పద్దులో ఇవ్వాలో తేలక ఆ సలహా ఆగిపోయింది. చివరికి ప్రసాదు గారికే మెరుపులాంటి ఆలోచన వచ్చింది. కర్మాగారం తన ప్రాంగణం దాటి పోకూడదు, అంతే కదా. అది ఎంతదూరం పోతుందో అంతదూరమూ ప్రాంగణమే చేసేస్తే సరి!

శాఖ మంత్రిగారికి ఈ మాట చెప్పగానే ఆయన లేచి నిలబడ్డారు. "అంటే దేశం మొత్తం మీద అంత పొడుగు ఫ్యాక్టరీ మనదేనన్నమాట!"

"పొడవు విషయమున మనకు పోటీ లేదు."

ఇంకేముంది, ఉప్పు బీడు చుట్టూ ప్రహరీ గోడ లేచింది. వేగ సంవత్సరంలో నిజంగా వేగంగా జరిగిన పని ఆ గోడ ఒక్కటే. గేటు, గేటు పక్కన ఆఫీసు, ఆఫీసు వెనక క్యాంటీను వచ్చాయి. టైమ్‌కీపరు, స్టోరుకీపరు, క్యాంటీను మేనేజరు, కార్మిక సంక్షేమాధికారి, గేటుకి మూడు షిఫ్టుల వాచ్‌మెన్లు వచ్చారు. ఇద్దరు కార్మికుల మంచిచెడ్డలు చూడ్డానికి ఏడుగురు చేరారు. సంక్షేమాధికారి రోజూ పొద్దున్నే సామ్రాజ్యాన్ని పిలిచి, మీ భర్తతో మీ పని సంబంధాలు సామరస్యంగా ఉన్నాయా అని అడిగేవాడు.

"రాత్రి కూరలో ఉప్పెక్కువైందని కంచం తోసేశాడు. రాసుకోండి" అనేది సామ్రాజ్యం. పాపం అతను రాసుకునేవాడు.

ఇంత హంగామా జరుగుతున్నా ఆదిశేషుకి కోపం రాలేదు. సంతోషంగా కూడా ఉంది. ఇన్నాళ్ళూ తన కారుని చూసి నవ్వినవాళ్ళే ఇప్పుడు గోడలు కట్టించి, మంత్రిని పిలుస్తున్నారు. మంత్రిగారు కొబ్బరికాయ కొట్టిన వెంటనే పరుగు. అతను రాత్రింబవళ్ళూ వాల్వులు తుడిచాడు. చక్రాల బేరింగులు మార్చాడు. హమాలీలని పేరుపేరునా పిలిచాడు.

ఆ రోజు రానే వచ్చింది. షామియానాలు వేశారు, బ్యాండు మేళం వచ్చింది, మంత్రిగారు వచ్చారు. సామ్రాజ్యం కొత్త చీర కొంగు నడుముకి దోపి పొయ్యి ఎగదోసింది. ముల్లు ఎర్రగీత దగ్గర వణుకుతోంది. ఆదిశేషు చక్రం పట్టుకుని కూర్చున్నాడు. అప్పుడు ప్రసాదు గారు దగ్గరికి వచ్చి, చిరునవ్వుతో గేటు పక్కనున్న బోర్డు చూపించారు. తెల్ల రేకు మీద ఎర్ర అక్షరాలు. 'ప్రాంగణములో వేగ పరిమితి గంటకు పది కిలోమీటర్లు.'

ఆదిశేషు రెండుసార్లు చదివాడు. "ఇదేంటండీ?"

"ప్రతి కర్మాగార ప్రాంగణమునందును ఉండవలసినదే. లారీలు మనుష్యులను గుద్దకుండుటకు."

"మరి రికార్డండీ?"

"నెలకొల్పుము! వలదన్నవారెవరు?" అన్నారు ప్రసాదు గారు, ఆశ్చర్యంగా. "పది లోపల నీ యిష్టము వచ్చినంత వేగముగ పోవచ్చును."

ఆదిశేషు మంత్రిగారి కేసి చూశాడు. మంత్రిగారు మైకు అందుకున్నారు. "సోదర సోదరీమణులారా! కొన్ని దేశాలవాళ్ళు ప్రాణాలకి తెగించి వేగంగా పోయారు. అదొక గొప్పా? మనం ప్రాణానికి ఏ అపాయమూ లేకుండా వేగంగా పోబోతున్నాం. సంపూర్ణ భద్రతతో కూడిన ఇటువంటి వేగం చరిత్రలో ఇదే మొదటిసారి!"

జనం చప్పట్లు కొట్టారు. పచ్చజెండా ఊపారు. కారు గంటకి పది కిలోమీటర్ల వేగంతో బయల్దేరింది. బ్యాండు మేళం ముందు నడిచింది కనక ఆ పది కూడా అందుకోలేకపోయింది. మంత్రిగారు పక్కన నడుస్తూ జనానికి చెయ్యి ఊపారు. కాసేపటికి మేకల మంద ఒకటి వెనకనించి వచ్చి, కారుని దాటుకుని ముందుకి పోయింది. లోపల పుట్టిన ఆవిరికి పోయే దారి లేక సేఫ్టీ వాల్వు లేచి కేకలు పెట్టింది. బీడు సగం కూడా పోకముందే మంత్రిగారికి ఇంకో సభ ఉందని పరుగు ముగించేశారు. ఆదిశేషుకి శాలువా కప్పారు. శాఖకి రాష్ట్ర స్థాయి భద్రతా పురస్కారం సిఫార్సు చేస్తున్నట్టు మంత్రిగారు అక్కడికక్కడే ప్రకటించారు.

హమాలీలు గోడ దగ్గర నిలబడి ఉన్నారు. "శేషన్నా, చట్నీ చల్లారిపోతంది" అని ఒకడన్నాడు గానీ, ఆదిశేషు మొహం చూసి పక్కవాడు వాడి నోరు మూశాడు. ఆదిశేషుకి అది ఇంకా ఎక్కువ బాధ పెట్టింది. ఇంటికొచ్చి శాలువా మంచం మీద పారేసి, గోడవైపు తిరిగి పడుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. వెక్కిరించినా పడేవాడు, జాలి పడితే తట్టుకోలేకపోయాడు.

సామ్రాజ్యం ఓదార్చలేదు. ఓదార్చడం ఆమెకి రాదు. ఆదివారం పొద్దున్నే లేచి కాఫీ గ్లాసు చేతికిచ్చి, "ఏమయ్యో, లే. ఈవేళ సెలవు" అంది.

"అయితే?"

"పోయిన ఆదివారం క్యాంటీనుకి పోయి టీ అడిగితే ఆ మేనేజరేమన్నాడో తెలుసా? ఈవేళ వారపు సెలవమ్మా, ఈవేళ ఇది ఫ్యాక్టరీ కాదు, ఉత్త గోడ అన్నాడు. ఫ్యాక్టరీ కానప్పుడు అది కారే గదా?"

ఆదిశేషు కాఫీ సగంలో ఆపేశాడు. నాలుగు సమావేశాల కమిటీకి తట్టని మాట అది. లేచి చొక్కా తొడుక్కున్నాడు.

గేటు దగ్గర ఎవరూ లేరు. వాచ్‌మెన్లు ముగ్గురూ వారపు సెలవులోనే ఉన్నారు. ఆదిశేషు బకెట్లు, కడవ, సైరను, ఆడమనిషి బొమ్మ తలుపుతో సహా రేకు గది, అన్నీ ఊడదీసి పక్కన పెట్టాడు. సామ్రాజ్యం పొయ్యి రాజేసింది. పొగ చూసి హమాలీలు వచ్చారు, తరవాత చినగొల్లపాడు వాళ్ళూ వచ్చారు, చూస్తుండగానే గోడంతా జనం ఎక్కి కూర్చున్నారు. ఎవరూ చట్నీ మాట ఎత్తలేదు.

ముల్లు ఎర్రగీత ముట్టుకుంది. ఆదిశేషు ఆవిరి వదిలే కడ్డీ తోశాడు. కారు ఒక్కసారి నిట్టూర్చి కదిలింది. ఆవిరి కారుకి ఇంజను రొద ఉండదు. బుసబుసమని మొదలై, ఆ బుస సన్నని ఈల అయింది. బోర్డు దాటింది, ఆఫీసు దాటింది. ఉప్పు నేల తెల్లగా వెనక్కి పరిగెత్తడం మొదలెట్టింది. సామ్రాజ్యం తల వంచుకుని దిమ్మె తరవాత దిమ్మె వేస్తూనే ఉంది. ఆదిశేషు కళ్ళవెంట నీళ్ళు కారి చెవుల్లోకి పోతున్నాయి. అవి గాలికో సంతోషానికో అతనికి తెలీదు. ముప్ఫయ్యేళ్ళు షెడ్డులో కూర్చున్న ఆవిరి ఇప్పుడు పోతోంది, తననీ తీసుకుని పోతోంది. అతను అరిచాడు. ఏం అరిచాడో తనకే వినపడలేదు.

సరిగ్గా అప్పుడే ప్రసాదు గారు కొత్త ఆఫీసు చూపిద్దామని ఊరినించి వచ్చిన బావమరిదిని వెంటబెట్టుకుని గేట్లోంచి లోపలికి వచ్చారు. పది దాటినవాళ్ళని పట్టుకోవడానికి శాఖ తెప్పించిన వేగం కొలిచే యంత్రం ఆయన చేతిలో ఉంది. అది ఎలా పనిచేస్తుందో బావమరిదికి చూపిద్దామని ఎత్తి పట్టుకున్నారు. తెల్లటి మేఘంలాంటిదేదో ఎదుటనించి దూసుకుపోయింది. ప్రసాదు గారు యంత్రంలో అంకె చూసి, చెప్పులు జారిపోయేలా ఎగిరి గంతేశారు. వెంటనే చెప్పులు వెతికి తొడుక్కుని, చుట్టూ చూసి, యంత్రం సంచీలో పెట్టేసుకున్నారు.

సెలవైనా సరే, పొయ్యి రాజెయ్యగానే అది మళ్ళీ కర్మాగారమే అయిందని శాఖ తేల్చింది, రెండూళ్ళ జనం చూశారు కాబట్టి కేసు పెట్టక తప్పలేదు. కేసు పెట్టేముందు ప్రసాదు గారు స్వయంగా ఆదిశేషు ఇంటికి వచ్చి మంచం మీద కూర్చున్నారు.

"యంత్రమున నూట అరువది యెనిమిది చూపబడినది" అన్నారు గొంతు తగ్గించి. "అభియోగమున మాత్రము పదకొండు అని చేర్చితిని."

"పదకొండా?"

"పది దాటినది, అది వాస్తవము. మిక్కిలి దాటినదని చెప్పినచో శాఖకు భద్రతా పురస్కారము రాదు. నా పదోన్నతి ఆగును. బాయిలరు నడుపుటకు నీకున్న సర్టిఫికెట్టు రద్దగును, ఏ మిల్లులోను నీకు పని దొరకదు. పదకొండునకు స్వల్ప జరిమానా. నేరము ఒప్పుకొని ఇంటికి పొమ్ము. అందరికిని క్షేమము."

ఆయన మంచికే చెబుతున్నారని ఆదిశేషుకి తెలుసు. సామ్రాజ్యం కూడా ఈసారి అడ్డం చెప్పలేదు. "ఊ అనేసి రా. మనకి తెలుసు గదా ఎంతో. సర్టిఫికెట్టు పోతే ఏం తింటాం?" అంది. సరేనన్నాడు ఆదిశేషు.

కోర్టు హాలు కిటకిటలాడింది. మిల్లు మిల్లంతా వచ్చి వెనక నిలబడింది. మేజిస్ట్రేటు గారు నడివయసు ఆవిడ. కర్మాగారం సెలవురోజున పరిగెత్తిందన్న అభియోగం చదివి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివారు.

"సెలవుదినమున కర్మాగారము నడిపి, ప్రాంగణమున గంటకు పదకొండు కిలోమీటర్ల వేగముతో సంచరింపజేసినాడు" అని ప్రసాదు గారు వాంగ్మూలం ఇచ్చారు.

"పదకొండేనా?" అన్నారు ఎవరో వెనకనించి. హాల్లో కొందరు నవ్వారు.

"నేరం ఒప్పుకుంటారా?" అని మేజిస్ట్రేటు గారు ఆదిశేషుని అడిగారు.

అతను ఊ అనడానికే నోరు తెరిచాడు. ఆ ఊ బయటికి రాలేదు. పదకొండంటే సైకిలు. పదకొండుకి ఊ అంటే, తన చేతులతో తనే ఆ కారుని మళ్ళీ ఇడ్లీపాత్ర చేసేసినట్టు.

"ఒప్పుకోనండి."

"పరిగెత్తించలేదా?"

"పరిగెత్తించానండి. పదకొండు కాదండి. నూట అరవై ఎనిమిది."

హాలంతా గొల్లుమంది. మేజిస్ట్రేటు గారు బల్ల మీద కొట్టి, నెమ్మదైన గొంతుతో చెప్పారు. "చూడండి, పదకొండయితే జరిమానాతో పోతుంది. మీరు చెప్పే వేగమే నిజమైతే సర్టిఫికెట్టు రద్దు చెయ్యక తప్పదు నాకు. బాగా ఆలోచించుకుని చెప్పండి."

ఆదిశేషు సామ్రాజ్యం కేసి చూశాడు. ఆమె కళ్ళు తుడుచుకుని, "చెప్పెయ్యి. తినడానికి నేనేదో చూస్తాలే" అంది, కోర్టంతా వినపడేలా.

"నూట అరవై ఎనిమిదేనండి" అన్నాడు ఆదిశేషు.

మేజిస్ట్రేటు గారు ప్రసాదు గారి వైపు తిరిగారు. "మీరు ప్రమాణం చేసి ఉన్నారు. యంత్రం ఎంత చూపించింది?"

"సదరు యంత్రము యొక్క సూచిక, వాతావరణ పరిస్థితుల ననుసరించి..."

"తేటగా చెప్పండి."

ప్రసాదు గారు కప్పు కేసి చూశారు. పురస్కారం అక్కడ కనపడిందేమో, పదోన్నతి కనపడిందేమో. తరవాత ఆదిశేషు కేసి చూశారు. ఆయన మొహం ఆ ఆదివారం గంతేసినప్పటి మొహంలా మారిపోయింది.

"నూట అరవై ఎనిమిదండీ" అన్నారు, మామూలు మనిషిలా. "కళ్ళతో చూశానండీ. ఏం పోయిందండీ అది! నా జన్మలో అంత వేగం చూళ్ళేదండీ."

హమాలీలు ఈలలు వేశారు. మేజిస్ట్రేటు గారు వాళ్ళని గదమాయించి, తీర్పు చెప్పి రాయించారు. వేగం నూట అరవై ఎనిమిది కిలోమీటర్లుగా నిర్ధారణ అయిందనీ, బాయిలరు సర్టిఫికెట్టు రద్దు చేస్తున్నాననీ చదివారు. ఆదిశేషు చేతులు కట్టుకుని, బళ్ళో ప్రైజులు ఇచ్చేచోట నిలబడ్డవాడిలా విన్నాడు.

"ఇంకేమైనా చెప్పుకోవాలా?" అని అడిగారావిడ.

"ఒక్కటేనండి" అన్నాడు ఆదిశేషు. "ఆవేళ ఎదురుగాలండి."

మేజిస్ట్రేటు గారు అది కూడా తీర్పులో రాయించారు.